పన్నెండు ఎర్ర చుక్కలు

నా దగ్గర వయొలిన్ నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు ఏలూరులోనే ఇంట్లో కూర్చుని షార్ట్ ఫిల్ములకి సంగీతం చేస్తోంది. పాతికేళ్ళు దాటని పిల్ల. మొన్న వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి, ఒకటి వినిపిస్తానని, అదేం వాయిద్యమో నేను చెప్పాలని అంది. పరీక్షలు పెట్టడం నా పని గాని దాని పని కాదు. అయినా ముచ్చట పడుతోంది కదా అని చెవులకి ఆ డిప్పలు తగిలించుకున్నాను.

మూడు స్వరాలు కలిపి నొక్కింది. స, గ, ప. నేను డిప్పలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏమైందండీ అని కంగారు పడింది. ఏమీ కాలేదని చెప్పి, మళ్ళీ తగిలించుకుని, ఈసారి షడ్జం పట్టి ఉంచి దాని మీద గాంధారం ఒక్కటే నొక్కమన్నాను. నొక్కింది. సందేహం లేదు. పియానోలో ఉండే చోటు కంటే ఆ గాంధారం రవ్వంత దిగువన ఉంది. తంబూరా మీటితే తీగలోంచి దానంతటది పలుకుతుందే, సరిగ్గా ఆ చోట. దాన్ని అక్కడ కూర్చోబెట్టింది నేను. నలభై ఏళ్ళ కిందట, టూత్‌బ్రష్ కాడ అరగదీసి చేసుకున్న పుల్లతో. సొంత పిల్లని సంతలో చూసి గుర్తుపట్టనివాడు ఉంటాడా?

అమ్మాయి తన ధోరణిలో చెప్పుకుపోతోంది. ఇది వెనకటి కాలం ఎలక్ట్రానిక్ స్ట్రింగ్స్ మెషీను అట. వయొలిన్ల గుంపు లాంటి మోత చేస్తుందట. ఎవరో దాని ప్రతి మెట్టూ రికార్డు చేసి నెట్‌లో పెడితే కుర్రకారంతా ఎగబడి వాడుకుంటున్నారట. కొత్త సాఫ్ట్‌వేర్లలో నిజం వయొలిన్లే ఉంటాయి కదే, ఈ పాత పెట్టె ఎందుకు మీకు అని అడిగాను. "కొత్తవి తప్పే చెయ్యవండి మాస్టారూ. వింటుంటే ఎవరూ లేనట్టుంటుంది" అంది. వయసుకి మించిన మాట. దానికి ఆ మాట నేను నేర్పలేదు.

ఇంకో వింత కూడా చెప్పింది. ఈ మెషీను ఒకటిన్నర శ్రుతిలో వాయిస్తే తేనె, అయిదు శ్రుతిలో వాయిస్తే పుల్లమజ్జిగ. అలా ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదట, దాని కింద వందల కామెంట్లు ఉన్నాయట. అంతు పట్టిన మనిషి ఎదురుగానే కూర్చున్నాడని దానికి తెలియదు. ఈ పెట్టె ఎక్కడుందని అడిగాను. మన తాడేపల్లిగూడెంలోనేనండి, చూపిస్తానని వీడియో పెట్టింది. తెల్ల బనీను, భుజాన తువ్వాలు, బట్టతల. బావ. "అంతా చెవితోనేనండి. నేనే దగ్గర కూర్చుని శ్రుతి చేసుకునేవాణ్ణి" అని కెమెరాతో చెబుతున్నాడు, మహా నెమ్మదిగా.

బావంటే మా మేనమామ కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. మండవల్లి దగ్గర కొల్లేటి అంచున ఒకే వీధిలో పెరిగాం. వాళ్ళకి చేపల చెరువు, మాకు రెండెకరాల వరి. భజనమందిరంలో హార్మోనియం పెట్టె ఒకటుండేది. వాడు మెట్లు నొక్కితే నేను తిత్తి కొట్టేవాణ్ణి, తర్వాత తారుమారు. బావ నోట్లో నాలుక లేనివాడని ఊరంతా పేరు. పంక్తిలో వాడి ఆకు దగ్గర గారెల పళ్ళెం ఆగకుండా వెళ్ళిపోయినా పిలిచేవాడు కాదు. వాడి తరఫున కేకేసేది, కొట్లాడేది అంతా నేనే.

పెద్దయ్యాక నేను వయొలిన్ పట్టుకున్నాను, వాడు హార్మోనియం వదల్లేదు. ఏలూరులో ఒక పెద్దాయన ఆర్కెస్ట్రా పార్టీ నడిపేవారు. గణపవరం నుంచి కైకలూరు దాకా పెళ్ళిళ్ళకీ ఉత్సవాలకీ ఆయన పార్టీయే. తానే పాడేవారు, అదీ ఎప్పుడూ ఒకటిన్నర శ్రుతిలోనే. ఆకాశం విరిగి పడినా శ్రుతి మార్చేవారు కాదు. మేమిద్దరం ఆ పార్టీలో చేరాం. అప్పటికి అందులో నాతో కలిపి మూడు వయొలిన్లు.

ఒకసారి పెద్దాయన మద్రాసు వెళ్ళి, ఏదో స్టూడియోలో వాడి పక్కన పెట్టేసిన స్ట్రింగ్స్ పెట్టె కొనుక్కొచ్చారు. బొంతలు చుట్టి రైల్లో తెచ్చారు. చూడ్డానికి హార్మోనియానికి కలిగినింటి చుట్టంలా ఉంది. పక్కలకి గోధుమరంగు చెక్క, పైన జరిపే మీటలు. బావ మెట్లు నొక్కాడు. గదిలో ఉన్నవాళ్ళం పెట్టె చుట్టూ చేరాం.

వయొలిన్ వాడిగా చెబుతున్నాను, అది వయొలిన్ మోత కాదు. ఆ మాట మొదటి నిమిషంలోనే అన్నాను కూడా. కానీ వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. లోపల ఒక్కో స్వరాన్నీ మూడుగా చీల్చి, మూడింటినీ రవ్వంత వెనకాముందుగా ఊపుతుందని తర్వాత తెలిసింది. మా పొలాల్లో నాట్లు వేస్తూ ఆడవాళ్ళు పాడతారు. పది గొంతులూ ఒకే పాటలో ఉంటాయి, ఏ రెండూ ఒకే క్షణంలో ఉండవు. ఒకరు పదం అందుకునేసరికి ఇంకొకరు ఊపిరి తీసుకుంటూ ఉంటారు. ఆ తేడాలోంచే గట్టు మీద నిలబడ్డవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పెట్టెలో ఉన్నదీ అదే. దాని పక్కన నా ఒంటి వయొలిన్ నాకే పీలగా వినిపించింది.

వారం తిరక్కుండా మిగతా ఇద్దరు వయొలిన్ వాళ్ళనీ పెద్దాయన పిలిచి, మీకు శ్రమ ఎందుకండీ, ఇకనుంచి పెట్టె ఉంది కదండీ అన్నారు. మా గోదావరి వైపు మనిషిని గెంటాలన్నా అండీ అనే గెంటుతారు. ఆ ఇద్దరూ వెళ్తూ వెళ్తూ నా వంక చూశారు. నేను విల్లుకి రోజిన్ పొడి రాస్తూ కూర్చున్నాను. నన్ను మాత్రం ఉంచుకున్నారు, కారణం శ్రుతి.

ఆ పెట్టె వెనక చెక్క విప్పితే లోపల పన్నెండు తీగ చుట్టలు ఉంటాయి, ఒక్కో స్వరానికి ఒకటి. చుట్ట మధ్యలో సన్నటి స్క్రూ. అది తిప్పి ఒక షడ్జం సరిచేస్తే కింద నుంచి పైదాకా ఉన్న షడ్జాలన్నీ సరవుతాయి. బాగానే ఉంది. కానీ వ్యాను కొల్లేటి రోడ్ల మీద పది మైళ్ళు వెళ్ళేసరికి గతుకులకి స్క్రూలన్నీ వదులై శ్రుతి చెదిరిపోయేది. ప్రతి ఊళ్ళోనూ ప్రోగ్రాంకి ముందు కూర్చుని పన్నెండూ మళ్ళీ కలపాల్సిందే. ఇనప స్క్రూడ్రైవర్ దగ్గరికి తెస్తేనే స్వరం మారిపోతుంది. అందుకని టూత్‌బ్రష్ కాడని గచ్చు మీద అరగదీసి ఒక పుల్ల చేసుకున్నాను. బావకి ఆ పని రాదు. వేళ్ళు మంచివి గాని, వెంట్రుకవాసి తేడా వాడి చెవికి ఆనేది కాదు.

ఇంగ్లీషు వాయిద్యాన్ని ఇంగ్లీషు లెక్కన, పన్నెండు మెట్లూ సమానంగా శ్రుతి చెయ్యాలని నాకెవరూ చెప్పలేదు. నేను వయొలిన్ వాణ్ణి. పెద్దాయన ఒకటిన్నర షడ్జం పట్టుకుని, నా వయొలిన్ని ఎలా కలుపుకుంటానో దాన్నీ అలాగే కలిపాను. గాంధారం కాస్త దించి, పంచమం పిసరంత ఎక్కించి. పెద్దాయన పాడుతుంటే పెట్టె ఆయన గొంతుకి గొడుగు పట్టినట్టుండేది. ఆడగొంతు పాటలకి పార్టీలోకి వచ్చే అమ్మాయిలు అయిదు శ్రుతిలో పాడితే మాత్రం పళ్ళు పులిసేవి. ఆ పాటలప్పుడు ఒంటి వేలితో నెట్టుకు రమ్మని బావకి చెప్పాను. తప్పు తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ పార్టీ స్ట్రింగ్స్ వేరండీ అని జనం అన్నది కూడా ఆ తప్పు చూసుకునే.

ఇక ఆకివీడు సంగతి. చేపల చెరువుల ఆసామి ఇంట్లో పెళ్ళి, మండు వేసవి. సాయంత్రం ప్రోగ్రాం. మధ్యాహ్నానికే చేరుకుని షామియానా కింద గంటసేపు కూర్చుని పన్నెండూ కలిపాను, చెక్క బిగించాను, భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పెట్టె వెనక ఒక బేసిను, అందులో ఐసు దిమ్మ. చేపల లోడింగు దగ్గరనుంచి గోనెలో పట్టుకొచ్చింది, ఇంకా ఊక అంటుకుని ఉంది. బేసిను వెనక టేబుల్ ఫ్యాను పెట్టి ఉంది. ఐసు మీదుగా చల్లగాలి వెనక చెక్క సందుల్లోంచి సరాసరి పెట్టెలోకి కొడుతోంది. చేపల కంపు సరేసరి.

ఇదేంటి బావా, చెమ్మ తగలదా అన్నాను. ఎండకి పెట్టె మొత్తం దిగిపోతోంది కదరా, చల్లగా ఉంటే శ్రుతి నిలుస్తుందని అన్నాడు. వేడికి శ్రుతి జారడం నిజమే కాబట్టి మాటలో పస ఉన్నట్టే అనిపించింది. వాడు నాకంటే పెద్దవాడు, పైగా ఎప్పుడూ తనంతట తాను ఏ పనీ చెయ్యనివాడు ఒకటి చేశాడు. చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను.

మూడో పాటలో పెట్టె గుడగుడలాడింది. తర్వాత కొల్లేటి బాతులన్నీ ఒక్కసారి లేచినట్టు కేకలు పెట్టి, ఆఖరికి నోరు మూసుకుంది. పెళ్ళివారు విరగబడి నవ్వారు. పెద్దాయన మిగతా పాటలు తబలా మీద, నా వయొలిన్ మీద లాక్కొచ్చి, అంతా అయ్యాక మమ్మల్ని పందిరి వెనక్కి పిలిచారు. గొంతు కూడా పెంచలేదు. "ఆ ఐసు పెట్టిందెవరండీ?" అని అడిగారు.

ఐసు పెట్టింది శ్రుతి కోసం, శ్రుతి చూసేది నేను. అందరూ నా వంక చూశారు. నేను బావ వంక చూశాను. వాడు తువ్వాలుతో మెట్లు తుడుస్తున్నాడు. ఒక్కొక్క మెట్టే, ఎడమ నుంచి కుడికి. ఇప్పుడు చెబుతాడు, ఈ మెట్టు అయ్యాక చెబుతాడు అని కాసుకుని ఉన్నాను. నేను వాడి పేరు చెబితే నోరులేనివాణ్ణి నలుగురిలో పట్టిచ్చినట్టవుతుంది. వాడంతట వాడు చెబితే ఇద్దరం కలిసి తిట్లు తిందాం అనుకున్నాను. కుడి చివరి మెట్టు కూడా అయిపోయింది. పెద్దాయన నాతో, మీరు కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండండి అన్నారు. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తి కాలేదు.

పెట్టెని రెండు రోజులు ఎండలో పెడితే బాగుపడిందట. పార్టీ ఇంకో పదేళ్ళు నడిచింది. వాయించేదీ బావే, శ్రుతి చూసేదీ బావే అని విన్నాను. వాడి చెవికి అదెలా పట్టుబడిందో నాకు అర్థం కాలేదు. నేర్చుకుని ఉంటాడులే అనుకున్నాను. నేను బట్టల కొట్టులో గజంబద్దతో గుడ్డలు కొలిచాను, సాయంత్రాలు పిల్లలకి సరళీస్వరాలు చెప్పాను. వయొలిన్‌కి విలువ తగ్గిందని అలిగి పార్టీ మానేశాడంటూ నా గురించి బావ చుట్టాల్లో చెప్పాడని తెలిసింది. కాదనలేదు. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం, వాడు పట్టుబట్టి నా ఆకులో పెరుగు వేయించేవాడు. పాపం పిరికివాడు, ఆ రోజు నోరు పెగల్లేదంతే అనుకుని క్షమించాను. క్షమించానన్న తృప్తి కూడా కొంత అనుభవించాను, అబద్ధం ఎందుకు?

మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. వీడియో రెండోసారి పెట్టమన్నాను. ఈసారి కెమెరా పెట్టె వెనక్కి వెళ్ళింది. చెక్క విప్పి ఉంది. పన్నెండు తీగ చుట్టలు, పన్నెండు స్క్రూలు. ప్రతి స్క్రూ తల మీదా చుట్ట అంచుకి అతుక్కుని ఒక ఎర్ర చుక్క. అవి కదలకుండా వేశానండి, ఒకసారి వేస్తే ఇక శ్రుతి చెదరదు అన్నాడు బావ. ఎప్పుడు వేశారని వీడియో తీస్తున్నవాడు అడిగితే, ఆకివీడులో ఒక ప్రోగ్రాం నాడు అన్నాడు. అది చెబుతున్నప్పుడు వాడికి నేను గుర్తు వచ్చినట్టు కూడా లేదు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చి నా భుజం మీదుగా చూసింది. "అదేంటండీ, ఆ రంగు నాది" అంది.

గోళ్ళరంగు అది. పెళ్ళయ్యాక ఆవిడ కొనుక్కున్న మొదటి సీసా, తన తమ్ముడి పెళ్ళికి వేసుకుందామని. పెళ్ళి ఇంకో నాలుగు రోజులుందనగా బావ ఇంటికొచ్చి, మా పిల్ల ఏడుస్తోందమ్మా, ఒకసారి ఇవ్వు, మళ్ళీ తెచ్చిస్తానని పట్టుకెళ్ళాడు. తెచ్చివ్వలేదు. ఆవిడ గోరింటాకుతో సరిపెట్టుకుంది. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో బావ మాట వస్తే చాలు, ఆవిడ ఆ సీసా ఎత్తుతూనే ఉంది, నేను ఇంకా ఆ సీసా మరిచిపోలేదా అని నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజు నవ్వు రాలేదు. ఆవిడ తమ్ముడి పెళ్ళయిన మూడో రోజే ఆకివీడు ప్రోగ్రాం.

అంటే వారం ముందే సీసా జేబులో పెట్టుకుని తిరిగాడు. నేను మంచి శ్రుతి కలిపే రోజు కోసం కాచుకున్నాడు. నేను భోజనానికి లేవగానే చెక్క విప్పి, నా పన్నెండు స్వరాల మీదా మా ఆవిడ రంగుతో ముద్ర కొట్టాడు. ఇక నా చెవితో పని లేదు. ఆ ఒక్క సాయంత్రపు మౌనాన్ని నేను ఎప్పుడో మన్నించేశాను. ఈ వారం రోజుల సంగతి నాకు తెలియదు కదా. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఆవిడ పట్టింది.

మర్నాడే ప్యాసింజరు ఎక్కి గూడెం వెళ్ళాను. అమ్మాయి కూడా వస్తానంది. దారిలో దానికి అంతా చెప్పాను. అది నా సంచి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచిలో అరగదీసిన టూత్‌బ్రష్ కాడ ఉంది. అన్నేళ్ళూ అది నా వయొలిన్ పెట్టెలోనే పడి ఉంది. పోట్లాడాలని కాదు వెళ్ళింది. ఐసు పెట్టింది నేనురా అని ఒక్కసారి వాడి నోటితో వాడు అనాలి. నాకు కావాల్సింది అంతే.

బావ ఇల్లు రైలు కట్టని ఆనుకుని ఉంది. గూడ్సు వెళ్ళినప్పుడల్లా కిటికీ రెక్కలు, గూట్లో గిన్నెలు, గోడకున్న ఫొటోలు అన్నీ వణుకుతాయి. వాళ్ళకి అలవాటైపోయింది. ముందుగదిలో దుప్పటి కప్పి పెట్టె ఉంది. బావ నన్ను చూసి సంబరపడ్డాడు. కోడల్ని పిలిచి టీ పెట్టమన్నాడు, మా ఆవిడ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. నేను టీ అయ్యేదాకా ఆగి, రంగు ముందా ఐసు ముందా బావా అని అడిగాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. తువ్వాలు తీసి ఒళ్ళో పరుచుకున్నాడు. తుడవడానికి మెట్లు లేవు ఈసారి.

"రంగే ముందురా. ఆరడానికి ఫ్యాను పెట్టా. ఫ్యాను ఎందుకని నువ్వు అడుగుతావు కదా, అందుకని ఐసు తెచ్చా. చెమ్మ చేరుతుందని నాకేం తెలుసు?"

నేను అనిపించుకోవాలనుకున్న మాట వచ్చేసింది. ఇంత చిన్నదా అనిపించింది. గోళ్ళరంగు ఆరడానికి పెట్టిన ఫ్యాను నా బతుకు మళ్ళించింది. మరి పెద్దాయన అడిగినప్పుడు చెప్పలేదేం అన్నాను. అప్పటికి నెల ముందే పెద్దాయన తనని పక్కకి పిలిచి, ఇద్దరిలో ఒకరే చాలని, మీ బావమరిదికి మెట్లు కూడా వచ్చు కదా అన్నారట. మెట్లు నొక్కడం తప్ప తనకింకేమీ రాదట. నాకు చెబితే ఇద్దరం కలిసి ఆయన్ని అడిగేవాళ్ళం కదా అన్నాను.

"అడిగేవాడివా? ఆ వయొలిన్ వాళ్ళిద్దర్నీ పంపేసిన రోజు నువ్వేం అడిగావురా? విల్లుకి పొడి రాసుకున్నావు."

అమ్మాయి తల దించుకుంది. ఆ సంగతి నేను దానికి చెప్పలేదు. నోట్లో నాలుక లేదనుకున్నవాడి నాలుక నలభై ఏళ్ళు నానబెట్టి ఆ ఒక్క మాటా బయటికి తీసింది. అందులో అబద్ధం కూడా లేదు. అయినా ఒకటి చెప్పాలి. వాళ్ళ వయొలిన్లు నేను దొంగిలించలేదు.

ఏం చెయ్యాలో తోచక లేచి దుప్పటి తీశాను. స్విచ్చి వేస్తే పెట్టె కాసేపు గురక పెట్టి మేలుకుంది. స, గ, ప నొక్కాను. ఇన్నేళ్ళ తర్వాత అది నా వేళ్ళ కింద లేచి ఊగుతుంటే, వాడి మీద కోపం కూడా దాని ముందు కాసేపు పక్కకి తప్పుకుంది. దాన్ని నేను ద్వేషించాలి నిజానికి. నా వయొలిన్ని మింగింది అదే. కానీ నేను కలిపిన గాంధారాన్ని ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని దాచింది కూడా అదే. ఒక్క నిషాదం మాత్రం జారింది. వెనక చెక్క విప్పి చూస్తే దాని మీద చుక్క పగిలి ఉంది. చాలా ఏళ్ళనుంచి అంతేనట, బావకి ఆ తేడా తెలియనే తెలియదు. నేను సంచిలోంచి పుల్ల తీసి, ఆలోచన లేకుండానే, నిషాదాన్ని మెల్లగా పైకి తెచ్చి షడ్జం కింద నిలబెట్టాను. చెయ్యి మరిచిపోలేదు.

సరిపోయిందా అని బావ అడిగాడు. సరిపోయిందన్నాను. వాడు వెంటనే వంటింటి వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ గోళ్ళరంగు సీసా ఒకసారి ఇలా తే" అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో! నా కళ్ళ ముందే, నేను పుల్ల ఇంకా చేతిలో పట్టుకుని ఉండగానే. కోడలు సీసా తెచ్చి గుమ్మంలో నిలబడింది. అక్కర్లేదమ్మా, లోపల పెట్టుకో అన్నాను. జేబురుమాలు తీసి పెట్టె కింద పరిచాను. స్క్రూ కదలకుండా పుల్లతో అదిమి పట్టి, ఒక్కొక్క చుక్కనీ గోటితో గీకడం మొదలుపెట్టాను. పాతబడి పెళుసెక్కిన రంగు. పెచ్చులు పెచ్చులుగా ఊడి రుమాల్లో పడింది. పన్నెండూ తీశాను. ఒక్క స్వరాన్నీ చెడగొట్టలేదు. అన్నీ తీశాక ఇంకోసారి స, గ, ప నొక్కి చూపించాను. తేనె.

అదేంట్రా, అలా వదిలేస్తే మళ్ళీ జారిపోతుంది కదరా అన్నాడు బావ. వాడి మొహంలో భయం నాకు అప్పుడు కనిపించింది. ఆకివీడులో కనిపించాల్సింది.

"స్వరాలన్నీ నీ దగ్గరే ఉంచుకో బావా. రంగు మా ఆవిడది, అది తీసుకెళ్తున్నా" అన్నాను. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. అమ్మాయి సంచి అందుకుంది. మేము చెప్పులు తొడుక్కుంటుండగా స్టేషన్ వైపునుంచి కూత వినిపించింది. మొదట గూట్లో గిన్నెలు కదిలాయి, తర్వాత కిటికీ రెక్కలు. బావ లేచి వెళ్ళి రెండు చేతులతో పెట్టెని పట్టుకుని నిలబడ్డాడు. బొగ్గు గూడ్సు, చాలా పొడుగుంది.